జబ్బు తిరగబెట్టాక ఏ యూరోస్టమీ బ్యాగు నిలుస్తుంది? వన్ పీస్, టూ పీస్ రివ్యూ

మూత్రాశయ క్యాన్సర్‌కు మూత్రాశయం తీసేసిన ఆపరేషన్ తర్వాత, మూత్రం పట్టడానికి వార్డులో పొట్ట మీద ఒక బ్యాగు (యూరోస్టమీ బ్యాగు) అంటించి ఇంటికి పంపుతారు. చాలామంది ఏళ్ళ తరబడి ఆ మోడలే కొంటూ పోతారు. లీకు కానంత కాలం అందులో తప్పేమీ లేదు. చిక్కంతా జబ్బు తిరగబెట్టి మళ్ళీ కీమోనో, ఇమ్యునోథెరపీనో (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి లేపే మందులు) మొదలైనప్పుడు వస్తుంది. నెలా రెండు నెలల్లో మూత్రం పరిమాణం, పొట్ట ఆకారం, చర్మం, వేళ్ళ స్పర్శ అన్నీ మారిపోతాయి. నిన్నటిదాకా నాలుగు రోజులు నిలిచిన, బ్యాగును చర్మానికి అంటించే ప్లేటు రెండో రోజుకే ఊడొస్తుంటే, షాపువాడు పాత స్టాకు అంటగట్టాడని అనుకుంటారు. చాలాసార్లు స్టాకు బాగానే ఉంటుంది.

ఈ రివ్యూ చిన్నపేగు ముక్కతో పొట్ట కుడివైపు స్టోమా (మూత్రం బయటికి వచ్చే నోరు) పెట్టినవాళ్ళకు, అంటే ఇలియల్ కాండ్యూట్ ఉన్నవాళ్ళకు. పేగుతో లోపలే కొత్త మూత్రాశయం కట్టించుకున్నవాళ్ళకు బ్యాగు గొడవ లేదు కాబట్టి చికిత్సల గురించి, పరీక్షల గురించి రాసినంత వరకే పనికొస్తుంది. చూసినవి మన దగ్గర దొరికే మూడు కంపెనీల సరుకు: కోలోప్లాస్ట్ వారి సెన్సురా మియో, హోలిస్టర్ వారి కన్ఫర్మ్ 2, కన్వాటెక్ వారి నాచురా, ఎస్టీమ్. నా లెక్కలో కంపెనీ కంటే రకం ముఖ్యం. ఏ రకం ఎవరికి నప్పుతుందో తేలాక, ఊళ్ళో ఆగకుండా దొరికే కంపెనీ తీసుకోవచ్చు.

ముందు మందుల సంగతి

బ్యాగు ఎంపిక ఎక్కించే మందును బట్టి మారుతుంది కాబట్టి ఇది దాటేయడానికి లేదు. కండరం దాకా పాకిన మూత్రాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత తిరగబెడితే ఎక్కువగా మొదటి 2 ఏళ్ళలోనే బయటపడుతుంది. కటిభాగంలోని లింఫ్ గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు దానికి అలవాటైన చోట్లు. కిడ్నీ నుంచి దిగే మూత్రనాళాల లోపొరలో వచ్చేది మాత్రం ఆలస్యంగా, ఏళ్ళు గడిచాక కూడా వస్తుంది. అయిదేళ్ళు దాటాయి కదా అని సీటీ మానేసేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

స్కాన్‌లో ఏమీ లేకపోయినా, తీసిన మూత్రాశయం పాథాలజీ రిపోర్టులో జబ్బు లోతుగా ఉందనో, గ్రంథుల్లో ఉందనో వస్తే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఏడాది పాటు ఇస్తారు. 2 వారాలకోసారి 240 మి.గ్రా., లేదా 4 వారాలకోసారి 480 మి.గ్రా. ఆపరేషన్‌కు ముందు సిస్‌ప్లాటిన్ కీమో తీసుకున్నవాళ్ళలో రిపోర్టు టీ2 (జబ్బు కండరంలోకి చేరింది) నుంచే ఇది లెక్కకు వస్తుంది, తీసుకోనివాళ్ళలో టీ3 (కండరం దాటింది) నుంచి. గ్రంథుల్లో ఉంటే ఇద్దరికీ వస్తుంది. చెక్‌మేట్ 274 అనే ట్రయల్‌లో జబ్బు మళ్ళీ కనబడని కాలం మధ్యస్థంగా 10.8 నెలల నుంచి 20.8 నెలలకు పెరిగింది. అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

జబ్బు వేరే చోట తేలాక పాత దారి జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ కీమో. అది జబ్బును ఆపగలిగితే ఆ తర్వాత అవెలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ కొనసాగిస్తారు. కొత్త దారి ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్ (క్యాన్సర్ కణానికి అతుక్కుని మందును లోపలికి చేర్చేది), పెంబ్రోలిజుమాబ్ (ఇమ్యునోథెరపీ) కలిపి ఇవ్వడం. మొదటిది కిలోకు 1.25 మి.గ్రా. చొప్పున 21 రోజుల సైకిల్‌లో 1వ రోజు, 8వ రోజు. రెండోది 3 వారాలకోసారి 200 మి.గ్రా. ఈవీ 302 ట్రయల్‌లో ఈ జోడీ తీసుకున్నవాళ్ళు మధ్యస్థంగా 31.5 నెలలు బతికితే, కీమో తీసుకున్నవాళ్ళు 16.1 నెలలు బతికారు. ఈ రెండు లెక్కలూ వచ్చాక పెద్ద డాక్టర్లు కీమోను రెండో వరుసకు జరిపారు. మన దగ్గర ఖర్చు దగ్గరే కథ ఆగిపోయి, కీమోనే మొదటి మందుగా నడుస్తున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. కణితిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యుమార్పు ఉంటే ఎర్డాఫిటినిబ్ మాత్రలు ఇంకో దారి. అందుకే కణితి ముక్క ఉన్న బ్లాకును ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంట్లో భద్రంగా పెట్టుకోవాలి.

వన్ పీస్

ప్లేటు, బ్యాగు ఒకటిగా అతికి వస్తాయి. పల్చగా ఉంటుంది, పొట్ట ముడతతో పాటు వంగుతుంది. చొక్కా కింద కనబడదు. జతచేసే రింగు లేదు కాబట్టి ఆ కీలు దగ్గర లీకు అనే సమస్యే లేదు. వేళ్ళు మొద్దుబారినవాళ్ళకు ఇది పెద్ద వరం. సిస్‌ప్లాటిన్ అయినా, ఎన్‌ఫోర్టుమాబ్ అయినా వేళ్ళ కొసల్లో తిమ్మిరి తెస్తాయి. చొక్కా గుండీ పెట్టుకోలేని చేయి టూ పీస్ రింగును సరిగ్గా నొక్కలేదు.

లోపం ఏమిటంటే బ్యాగు మార్చాలంటే ప్లేటూ పీకాల్సిందే. కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయి చర్మం చిన్నగా లాగినా కందిపోయే రోజుల్లో ఇది నొప్పి. అంటు విడిపించే సిలికోన్ స్ప్రే వాడి, ఒక చేత్తో చర్మాన్ని కిందికి అదిమి, రెండో చేత్తో ప్లేటును పై నుంచి కిందికి ఒలవాలి. గట్టిగా లాగేది ప్లేటును కాదు, చర్మాన్ని నొక్కి పట్టుకోవడమే అసలు పని. చుట్టూ వెంట్రుకలు తీయడానికి ట్రిమ్మర్ వాడాలి. ఆ రోజుల్లో బ్లేడు దగ్గరికి రానీయకూడదు.

టూ పీస్

ప్లేటు పొట్టకు అంటి నాలుగు రోజులుంటుంది, బ్యాగు విడిగా మారుతుంది. రెండు రకాలు. ఒకటి ప్లాస్టిక్ రింగు టిక్కుమని బిగుసుకునేది, రెండోది అంటు పట్టీతో అతికేది. టిక్కుమనే రకానికి సైజు కలవాలి. కోలోప్లాస్ట్ క్లిక్‌లో 40, 50, 60, 70 మి.మీ., నాచురాలో 38, 45, 57, 70 మి.మీ. ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ బ్యాగు పట్టదు. సైజు అంకె ఒకటే ఉన్నా పట్టదు. షాపులో ఇది చెప్పకుండా ప్లేటొకటి, బ్యాగొకటి చేతిలో పెట్టిన సందర్భాలు తక్కువేమీ కావు. కొనేటప్పుడే రెండూ జతచేసి, తట్టి, లాగి చూడండి.

ఈ రకం గొప్పతనం చికిత్స రోజుల్లో తెలుస్తుంది. స్టోమా నుంచి శాంపిల్ తీయాలన్నా, దగ్గర నుంచి చూడాలన్నా ప్లేటు కదపకుండా బ్యాగు ఒక్కటే తీయొచ్చు. స్టోమా చుట్టూ చర్మం మీద పొక్కులు చూడాలంటే మాత్రం ప్లేటూ తీయాల్సిందే. నష్టం: రింగు గట్టిగా ఉంటుంది కాబట్టి పొట్ట మడత మీద వంగదు. కీమోలో 6, 7 కిలోలు తగ్గి మడతలు తేలినవాళ్ళకు ఆ మడత దగ్గర కింది అంచు లేస్తుంది. అంటు పట్టీ రకం వంగుతుంది, కానీ పట్టీ మధ్యలో ఒక్క ముడత పడ్డా అక్కడ నుంచే మూత్రం దారి చేసుకుంటుంది. తిమ్మిరి వేళ్ళకు ఆ ముడత తెలియదు, అద్దం ముందు కళ్ళతోనే చూసుకోవాలి.

అన్నట్టు, ఏ రకానికైనా మొలతాడు శత్రువే. ప్లేటు కింది అంచు కిందికి మొలతాడు దూరి మెల్లగా లేపేస్తుంది. లీకు ఎందుకో తెలియక మూడు కంపెనీలు మార్చి చివరికి మొలతాడు దగ్గర ఆగినవాళ్ళున్నారు. లంగా బొందు, పంచె ముడి కూడా సరిగ్గా స్టోమా ఎత్తులోనే పడతాయి. బొందు నాలుగు వేళ్ళు పైకి కట్టుకోవాలి, లేదా ఎలాస్టిక్‌కు మారాలి.

తీసిన ప్లేటు చెప్పే మాట

ఇది చాలామంది చేయరు, చేస్తే సగం సమస్యలు తీరతాయి. ప్లేటు తీసి పారేయకుండా వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. కోసిన కన్నం చుట్టూ గోధుమరంగు అంటు తెల్లబడి, ఉబ్బి, జావలా మారి ఉంటుంది. ఆ తెల్లటి వలయం అన్నివైపులా సమంగా, సన్నగా ఉంటే మార్చే రోజు సరిపోయినట్టే. చుట్టూ వెడల్పుగా కరిగిపోయి ఉంటే ఒకరోజు ముందే మార్చాలి. ఒక్కవైపే అంచుదాకా పాకితే రోజులు తగ్గించి లాభం లేదు, ఆ వైపు పొట్ట పల్లంగా ఉంది. ఎక్కువగా కింది వైపే, గడియారంలో 6 ఉండే చోట. అక్కడ బారియర్ రింగు (మెత్తటి అంటు వలయం) ముక్క వేసి పల్లం పూడ్చాలి. స్టోమా చర్మం మట్టానికి దిగిపోతే కుంభాకారపు (చర్మం వైపు ఉబ్బెత్తుగా ఉండే) ప్లేటు, నడుం బెల్టు కావాలి. పక్కనే హెర్నియా ఉబ్బు ఉంటే ఆ ప్లేటు పనికిరాదు, మెత్తటి పల్చటి ప్లేటే మేలు.

పేస్టు కంటే రింగుకే నా ఓటు. మూత్రం తగిలితే పేస్టు తొందరగా కరుగుతుంది, స్పిరిట్ ఉన్నది పచ్చి చర్మం మీద మంట పుట్టిస్తుంది.

కన్నం స్టోమా కంటే 2 నుంచి 3 మి.మీ. మాత్రమే పెద్దగా కోయాలి. స్టోమా ఆపరేషన్ అయ్యాక 6 నుంచి 8 వారాల పాటు కుదించుకుపోతుంది. కానీ వార్డులో ఇచ్చిన కొలత కాగితం పెట్టుకుని ఏడాది తర్వాతా అదే కొలతతో కోసేవాళ్ళు బోలెడు. పెద్ద కన్నంలో మూత్రం చర్మం మీద నిలిచి, బూడిదరంగు తడి బొడిపెలు లేస్తాయి. అవి పెరిగినకొద్దీ ప్లేటు అంటదు. వాటిని చూసి జబ్బు చర్మానికి పాకిందని భయపడేవాళ్ళున్నారు. డాక్టర్‌కు చూపించాలి, అయితే ఎక్కువసార్లు కొలత సరిచేస్తే తగ్గిపోయే సరుకే అది. స్టోమా మీద తెల్లటి ఇసుకలాంటివి పేరుకుంటే మూత్రం క్షారంగా ఉందని అర్థం. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి, గాజుగుడ్డ తడిపి స్టోమా మీద కొద్ది నిమిషాలు ఉంచి కడగాలి. నీళ్ళు బాగా తాగడం మరచిపోకూడదు.

మార్చడానికి మంచి వేళ పొద్దున్నే, కాఫీ నీళ్ళు కడుపులో పడకముందు. అప్పుడు మూత్రం చినుకులుగానే వస్తుంది. చుట్టిన టిష్యూ స్టోమా మీద ఆన్చి, చుట్టూ తుడిచి, పూర్తిగా ఆరాక అంటించి, అరచేత్తో రెండు నిమిషాలు వెచ్చగా అదిమి పట్టుకోవాలి. కొబ్బరినూనె, పసుపు, టాల్కం పౌడరు ఆ దరికి వద్దు. స్టోమా పౌడరు కూడా చర్మం చెమ్మగా పచ్చిగా ఉంటేనే వేయాలి, మిగిలిన పొడి దులిపేశాకే ప్లేటు అంటించాలి. మే నెలలో రామగుండం, కర్నూలు ఎండల్లో చెమటకు ప్లేటు జీవితం ఒకరోజు తగ్గుతుందని ముందే లెక్కేసుకోవాలి. బాక్సులు కారు డిక్కీలో వదిలేస్తే అంటు పాడవుతుంది.

సిస్‌ప్లాటిన్ రోజున

ఆ రోజు కిడ్నీలు కాపాడటానికి లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తారు, మూత్రం గంటకు 200 మి.లీ. దాటి రావచ్చు. మామూలు బ్యాగులో సుమారు 350 నుంచి 400 మి.లీ. పడుతుంది, మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలనేది నియమం. అంటే చేతికి కాన్యులా (సెలైన్ సూది) ఉండగా గంట నిండకముందే బాత్రూమ్. అందుకే డే కేర్‌కు వెళ్ళేటప్పుడు 2 లీటర్ల నైట్ బ్యాగు, దాని అడాప్టరు తీసుకెళ్ళాలి. అడాప్టరు లేకపోతే ఆసుపత్రి వాళ్ళ యూరోబ్యాగు గొట్టం మీ బ్యాగు ట్యాపుకు కుదరకపోవచ్చు. అప్పుడు ప్లాస్టర్ చుట్టి ఏదో చేస్తారు, అది మంచం మీదే కారుతుంది. అడాప్టరు కంపెనీకో రకం, వేలెడంత ముక్క, బాక్సులోంచి తీసి పారేసేవాళ్ళే ఎక్కువ. రెండు దాచుకోండి. గొట్టం తగిలించేముందు బ్యాగులో కొంచెం మూత్రం ఉండనివ్వాలి, ఖాళీ బ్యాగుకు తగిలిస్తే గోడలు అతుక్కుని పారకుండా ఆగిపోతుంది.

కీమో ఎక్కించిన తర్వాత 48 గంటలు బ్యాగు ఖాళీ చేసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి. కమోడ్ మూత వేసి నీళ్ళు వదలాలి. చిమ్మే అవకాశం తగ్గించడానికి ట్యాపు అంచు కమోడ్ నీటికి దగ్గరగా పెట్టాలి. తిమ్మిరి వేళ్ళకు మడిచి మూసే ట్యాపు కంటే తిప్పే ట్యాపు సులువు, కానీ మూశాక టిష్యూతో ఒకసారి ఒత్తి తడి ఉందేమో చూసుకోవాలి.

సిస్‌ప్లాటిన్‌కు కిడ్నీలు ఒప్పుకుంటాయా అన్నది క్రియాటినిన్ క్లియరెన్స్ చెప్తుంది, సాధారణంగా నిమిషానికి 60 మి.లీ. దాటి ఉండాలి. కాండ్యూట్ ఉన్నవాళ్ళలో ఇది పడిపోవడానికి ఒక కారణం, మూత్రనాళం పేగుకు కుట్టిన చోట సన్నబడటం. ఎడమ నాళం పేగు వెనకగా తిరిగి రావాలి కాబట్టి ఎక్కువగా ఆ వైపే. స్కాన్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బి కనిపిస్తే అది కుట్టు సన్నబడిందా, జబ్బు తిరగబెట్టి నొక్కుతోందా అన్నది తేల్చాకే మందు. ఇందుకు స్టోమాలోంచి కాంట్రాస్ట్ ఎక్కించి తీసే లూపోగ్రామ్ ఉంది. మామూలుగా ఆ కాంట్రాస్ట్ వెనక్కి కిడ్నీ దాకా పాకుతుంది, ఒకవైపు పాకకపోతే అక్కడ అడ్డుందన్నమాట. కిడ్నీకి వెనక నుంచి పీసీఎన్ ట్యూబ్ (కిడ్నీలోంచి మూత్రం నేరుగా బయటికి తీసే గొట్టం) వేస్తే దానికి వేరే బ్యాగు. స్టోమా బ్యాగులో మూత్రం తగ్గిందేంటని కంగారు పడొద్దు, రెండింటిదీ కలిపి కొలవాలి.

ఎన్‌ఫోర్టుమాబ్, ఇమ్యునోథెరపీ రోజుల్లో

ఎన్‌ఫోర్టుమాబ్‌తో దద్దుర్లు చాలామందికి వస్తాయి. అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే తీవ్ర చర్మవ్యాధిగా మారతాయి, అదీ ఎక్కువగా మొదటి సైకిల్‌లోనే. బ్యాగు కట్టుకున్నవాళ్ళు ఇక్కడ పొరబడతారు. ఎరుపు సరిగ్గా ప్లేటు ఆకారంలో, గీత గీసినట్టు ఉంటే ఆ ప్లేటు జిగురు మీ చర్మానికి పడలేదన్నమాట, వేరే కంపెనీకి మారి చూడొచ్చు. అదే ఎరుపు చంకల్లో, గజ్జల్లో, వీపు మీద కూడా ఉంటే, లేదా నోట్లో పుండ్లు, నీటి పొక్కులు, చర్మం ఊడటం ఉంటే మందు సంగతి. బ్యాగు మార్చుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దద్దుర్లకు స్టెరాయిడ్ రాసిస్తే, ప్లేటు కింద పూయడానికి జిడ్డు ఆయింట్‌మెంట్ కాకుండా లోషన్ రూపంలో రాయమని అడగండి. జిడ్డు మీద ఏ కంపెనీ ప్లేటూ అంటదు. ఈ మందు షుగరు కూడా పెంచుతుంది, కాబట్టి మూత్రం ఒక్కసారిగా ఎక్కువైతే గ్లూకోజ్ చూడాలి.

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్‌లతో విరేచనాలు పట్టుకుంటే మామూలు మనిషి కంటే కాండ్యూట్ ఉన్నవాళ్ళు త్వరగా నీరసిస్తారు. పేగు ముక్క మూత్రంలోని క్లోరైడును పీల్చి రక్తంలో ఆమ్లత పెంచుతుంది, విరేచనాలు దానికి తోడవుతాయి. వాంతి, దడ, లోతైన ఊపిరి ఉంటే క్రియాటినిన్‌తో పాటు బైకార్బొనేట్ కూడా చూడమని చెప్పండి. చిన్నపేగు చివరి భాగం వాడారు కాబట్టి బీ12 ఏడాదికోసారి చూపించుకోవాలి. వేళ్ళ తిమ్మిరికి కీమో ఒక్కటే కారణం కాకపోవచ్చు, బీ12 తగ్గినా వస్తుంది. మెథోట్రెక్సేట్ ఉన్న కీమో రాస్తే కాండ్యూట్ ఉందని గుర్తుచేయాలి. పేగు ఆ మందును తిరిగి రక్తంలోకి పీలుస్తుంది.

శాంపిల్ విషయంలో జరిగే పొరపాటు

జ్వరమొస్తే ల్యాబ్‌వాళ్ళు బ్యాగు ట్యాపు తిప్పి డబ్బాలో పట్టేస్తారు. బ్యాగులో ఎప్పుడూ సూక్ష్మజీవులుంటాయి, కల్చర్‌లో ఏదో ఒకటి పెరుగుతుంది, అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది, కీమో వారం వెనక్కి పోతుంది. బ్యాగు తీసి, స్టోమా తుడిచి, శుభ్రమైన క్యాథెటర్‌తో లోపల నుంచి తీయాలి. కుదరకపోతే స్టోమా నుంచి రాలే చుక్కలు నేరుగా స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత్రంలో తెల్లటి జిగురు తీగలు పేగు స్రావం, ఇన్ఫెక్షన్ గుర్తు కాదు. నైట్ బ్యాగు ఊదారంగులోకి మారడం కూడా అంతే, మలబద్ధకం ఉన్నవాళ్ళలో కొన్ని సూక్ష్మజీవుల వల్ల వచ్చే రంగు. సైటాలజీకి (మూత్రంలో క్యాన్సర్ కణాలు వెతికే పరీక్ష) పంపితే కాండ్యూట్ మూత్రమని చీటీ మీద రాయించాలి. లేకపోతే రాలిన పేగు కణాలు అనుమానపు రిపోర్టుకు దారితీస్తాయి.

ఎరుపు కనబడితే ఎక్కడ నుంచో చూడాలి. తుడిచినప్పుడు స్టోమా పైపొర నుంచి అంటితే మామూలు, అదిమితే ఆగుతుంది. లోపల నుంచి మూత్రంతో కలిసి ఎర్రగా వస్తే, అదీ రెండోసారి వస్తే, పైనాళాలకు సీటీ యూరోగ్రామ్ అడగాలి. మూత్రమార్గం తీయకుండా వదిలిన మగవాళ్ళకు కింద నుంచి రక్తపు మరక కనిపిస్తే అది మూత్రమార్గంలో తిరగబెట్టిన జబ్బు కావచ్చు. బ్యాగుతో దానికి సంబంధమే లేదు కాబట్టి చాలామంది పట్టించుకోరు.

కొనడం

మామూలుగా ప్లేట్లు 5 ఒక బాక్సు, బ్యాగులు 10 ఒక బాక్సు. కోఠీలో, విశాఖ కేజీహెచ్ దగ్గర సర్జికల్ షాపుల్లో విడిగా ఒకటి రెండు ఇస్తారు. కొత్త రకం పడుతుందో లేదో చూడటానికి ముందు విడిగానే కొనండి. బిల్లులో "యూరోస్టమీ" అని ఉందో లేదో చూసుకోవాలి. మలానికి వాడే బ్యాగుకు అడుగున వెడల్పు నోరు, క్లిప్పు ఉంటాయి, యూరోస్టమీ బ్యాగుకు ట్యాపు, లోపల మూత్రం వెనక్కి పోకుండా అడ్డుపొర ఉంటాయి. పొరపాటున కోలోస్టమీది తెచ్చుకుంటే గంటలో కారిపోతుంది. బ్యాగు కడిగి మళ్ళీ వాడటం డబ్బు ఆదా అనిపిస్తుంది, ఆ అడ్డుపొర జిగురుతో మూసుకుపోయి మూత్రం స్టోమా దగ్గరే నిలుస్తుంది. నైట్ బ్యాగు మాత్రం కడిగి వారం వాడొచ్చు, 1 వంతు వెనిగర్, 3 వంతుల నీళ్ళతో.

మార్కులు వేయమంటే: తిమ్మిరి ఉండి బరువు తగ్గుతున్నవాళ్ళకు వన్ పీస్ 5కి 4. చర్మం పలచబడి, ఇంట్లో సాయం చేసే మనిషి ఉన్నవాళ్ళకు టిక్కుమనే టూ పీస్ 4. అంటు పట్టీ టూ పీస్ చూపు, వేళ్ళు రెండూ బాగున్నవాళ్ళకు 3. కటికి రేడియేషన్ పడే రోజుల్లో ఏది వాడినా కిరణాలు పడే చోట ప్లేటు ఉందని టెక్నీషియన్‌కు మొదటి రోజే చెప్పాలి, ప్లేటు కింద చర్మానికి డోసు పెరుగుతుంది.